చక్కెర తొక్కు

భూపాల్ ఇంట్లో వంట చెయ్యడు. ఆబిడ్స్‌లోని ఒక భోజన హోటల్లో పొద్దున్నించీ పొయ్యి ముందర నిలబడే వంట మాస్టర్ అతను. ఇంటికొచ్చాక గరిటె పట్టమంటే, రోజంతా పట్టిన చెయ్యే గదా, దానికీ జర సెలవియ్యి అనేవాడు. పెళ్లయిన నాటినుంచీ విజయ ఎరిగిన భూపాల్ అతనే. అందుకే ఒక మంగళవారం, హోటల్ సెలవు పూట, అతను సంచినిండా కీరా కాయలూ బేగంబజారు నుంచి సిర్కా అనే వెనిగర్ సీసా ఒకటి తెచ్చుకుని వంటింట్లో పీట వేసుకుని కూర్చుంటే ఆమెకు మొదట నవ్వొచ్చింది.

"ఏందయ్యా, ఇయ్యాల సూర్యుడు ఎటుదిక్కు పొడిచిండు?"

"తొక్కు పెడుతున్న," అన్నాడు తల ఎత్తకుండా.

అలాంటి తొక్కు విజయ ఎన్నడూ చూడలేదు. కీరాను కాగితంలా పలుచగా చక్రాలు కోశాడు. ఉల్లిగడ్డ కూడా అలాగే. వాటి మీద ఉప్పు జల్లి, ఫ్రిజ్‌లోంచి మంచుగడ్డలు తీసి పరిచి, మూత పెట్టి పక్కన పెట్టాడు. ముక్కలు నీళ్లు వదిలాక గట్టిగా పిండి గాజు సీసాలో కూరాడు. గిన్నెలో సిర్కా పోసి, అందులో చూస్తే కళ్లు తిరిగేంత చక్కెర వేసి, ఆవాలు, చిటికెడు పసుపు వేసి కాచాడు. కుతకుతలాడే ఆ నీళ్లను ముక్కల మీద పోసి, చల్లారనిచ్చి సీసాను ఫ్రిజ్‌లో పెట్టాడు. నూనె చుక్క లేదు. కారం ఇసుమంత లేదు.

మర్నాడు హోటల్‌కు బయల్దేరేముందు ఒక చిన్న గిన్నెలో నాలుగు ముక్కలు వేసి విజయ ముందు పెట్టాడు. "తిను."

ఆమె తిన్నది. ముక్క పళ్ల కింద కరకరలాడింది. తీపి, పులుపు, వెనకాల ఆవాల ఘాటు. బాగానే ఉన్నది. ఇంకో ముక్క తీసుకుంటూ తల ఎత్తి చూసింది. భూపాల్ గుమ్మంలో నిలబడి ఆమె ముఖంలోకే చూస్తున్నాడు. రెప్ప వెయ్యడం లేదు. ఆమె నమలడం ఆపేదాకా అలాగే చూసి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

తను ఒక్క ముక్కా నోట్లో వేసుకోలేదు. అది విజయకు అతను మెట్లు దిగిపోయిన తర్వాత గుర్తొచ్చింది.

అక్కణ్నించీ మొదలయింది. వారం తిరిగేసరికి ఇంకో సీసా. ఒకసారి సోంపు ఎక్కువ, ఒకసారి లవంగాలు, ఒకసారి పచ్చిమిరపకాయ చీలికలు. ప్రతిసారీ అదే వరస. గిన్నె ముందర పెట్టడం, తినమనడం, ఎదురుగా నిలబడి చూడడం. "నువ్వు తినవా?" అంటే, "నాకొద్దు, నువ్వు తిను" అనేవాడు. సగం సీసా అయ్యేలోపే అది ఫ్రిజ్‌లోంచి మాయమయ్యేది. ఎక్కడికి పోతున్నదని అడిగితే దోస్తులకు ఇస్తున్నానన్నాడు. ఏ దోస్తులు? పేరు చెప్పలేదు.

నాంపల్లిలో ఎగ్జిబిషన్ గ్రౌండ్ వెనక గల్లీలో, పై అంతస్తున రెండు గదులు, వంటిల్లు వాళ్లది. కూతురు వరంగల్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నది. ఇంట్లో మిగిలింది ఈ ఇద్దరూ, భూపాల్ తల్లి కిష్టవ్వ. జనగామ దిక్కు పల్లెనుంచి కొడుకు దగ్గరికొచ్చి చాలా ఏళ్లయింది. ముసలివైనా ఆమె కళ్లకు ఇంట్లో దాగేది ఏదీ లేదు.

"బిడ్డా," అన్నది ఒకనాడు కోడలితో, ఫ్రిజ్ తలుపు తెరిచి ఆ పసుప్పచ్చ సీసాను వేలితో చూపిస్తూ. "గిదేం తొక్కు? కారం లేని తొక్కు ఎవరు తింటరు? వానికెవరో నేర్పిన్రు."

"ఎవరు నేర్పుతరు అత్తమ్మా?"

"అదే నేనూ అంటున్న. వాడిదివరకటి లెక్క లేడు. అన్నం ముందర పెడితే చూసుకుంట కూసుంటడు. నేనేసిన తాలింపు మాడిందని అనడు, మంచిగున్నదని అనడు. చిన్నప్పుడు వాడు గడపలకు రాంగనే ఏం కూరనో చెప్పేటోడు. ఇప్పుడు కంచం ముందర కూసోని ఏం కూర అనడుగుతుండు." గొంతు తగ్గించింది. "వానికెవరో మందు పెట్టిన్రు."

ఆ మందు సంగతి విజయ నమ్మదు. ఆమె ఆబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు దగ్గరి గల్లీలో చీరలకు ఫాల్స్, పికో కుట్టే చిన్న దుకాణం నడుపుకుంటున్న మనిషి. రోజూ పదిరకాల ఆడవాళ్లు, పదిరకాల సంసారాలు ఆమె మిషన్ ముందరికొచ్చి కూర్చుంటాయి. మొగుడు మారిపోయాడని చెప్పే ప్రతి ఆడమనిషీ మందులతోనే మొదలుపెడుతుందనీ, ఆఖరికి అది మందు కాదనీ, మరో ఆడమనిషేననీ ఆమెకు తెలుసు.

అందుకే ఆమె భూపాల్‌ను చూడడం మొదలుపెట్టింది, అతను తనను చూస్తున్నంత పట్టుగా.

ఒక సాయంత్రం కావాలనే మల్లెపూలు కొని తలనిండా పెట్టుకుని వచ్చింది. మామూలుగానైతే భూపాల్ గది అవతలినుంచే "ఇయ్యాల మల్లెలు తెచ్చినవా" అనేవాడు. ఆ రోజు ఆమె అతని పక్కనుంచి రెండుసార్లు నడిచింది, వంగి మంచినీళ్ల గ్లాసు పెట్టింది. ఫోన్‌లోంచి తలెత్తలేదు. చివరికి ఆమె వెనక్కి తిరిగి బీరువా తెరిచినప్పుడు జడ కంటపడి, "పూలు పెట్టుకున్నవు, మంచిగున్నయి" అన్నాడు. కళ్లతో చూసి చెప్పిన మాట అది. విజయకు లోపల ఏదో కలుక్కుమన్నది. మనసు వేరేచోట ఉన్నవాడు అలాగే అంటాడనుకుంది.

ఇంకో రోజు అతను స్నానానికి వెళ్లినప్పుడు ఫోన్ మోగింది. ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడకుండా నిలబడింది. అవతల ఆడగొంతు. శుభ్రమైన కోస్తా మాట.

"భూపాల్ గారూ, ఈసారి పంచదార కాస్త తగ్గించి చూశారా? రేపు తీసుకొస్తారుగా?" జవాబు లేకపోయేసరికి, "హలో? వినపడుతోందా?" అని ఫోన్ పెట్టేసింది.

స్నానం నుంచి వచ్చాక, "ఎవరో ఫోన్ చేసిన్రు" అన్నది విజయ.

భూపాల్ తువ్వాలుతో తల తుడుచుకోవడం ఒక్క క్షణం ఆపాడు. "హోటల్‌కు వచ్చేటోళ్లు. గంతే."

పేరు లేకుండా నంబర్ మాత్రమే ఉన్న ఆ కాల్‌ను విజయ మనసులో చాలాసార్లు మోగించుకుంది. పంచదార అన్న ఆ మాట దగ్గరే ఆమె ఆలోచన తిరిగేది. తమ ఇంట్లో చక్కెర అంటారు. ఈమధ్య ఒకటి రెండుసార్లు భూపాల్ కూడా పంచదార అన్నాడు. ఒక మనిషి నోట్లోకి ఇంకో ఇంటి మాట ఊరికే వచ్చి పడుతుందా?

ఇదంతా ఒకెత్తు, గ్యాస్ సంగతి ఒకెత్తు.

ఆ పొద్దున విజయ డాబా మీద బట్టలారేసి కిందికొచ్చింది. కిష్టవ్వ కింది వాళ్లింట్లో నీళ్ల మోటరు దగ్గర మాట్లాడుతూ కూర్చుంది. మెట్ల దగ్గరికి రాగానే విజయకు ఘాటుగా వాసన తగిలింది. గ్యాస్. పరుగెత్తింది. వంటింట్లో ఒక పొయ్యి మీద పాలు పొంగి మంట ఆరిపోయి ఉన్నది, గ్యాస్ అలాగే వస్తున్నది. ఆ పొయ్యికి పక్కనే, ఇంకో పొయ్యి మీద సిర్కా గిన్నె పెట్టి, భూపాల్ లైటర్ చేతిలోకి తీసుకున్నాడు.

"అయ్యో! గ్యాస్! గ్యాస్!" అని అరుస్తూ అతని చేతిమీద కొట్టింది. లైటర్ ఎగిరి సింకులో పడింది. రెండు నాబ్‌లూ తిప్పి, కిటికీ తోసి, తలుపులన్నీ బార్లా తెరిచింది. భూపాల్ మాత్రం అయోమయంగా పొయ్యిని, ఆమెను, మళ్లీ పొయ్యిని చూస్తున్నాడు.

"నీకు వాసన రాలేదా?"

"జలుబు చేసింది."

"ఎక్కడిది జలుబు? ఒక్క తుమ్ము తుమ్మగ చూడలే నేను!"

అతని ముఖం పాలిపోయి ఉంది. చొక్కా తగిలించుకుని కిందికి వెళ్లిపోయాడు.

మెట్ల మీదివరకు వచ్చిన వాసన పొయ్యి ముందరి మనిషికి రాలేదంటే ఎవరు నమ్ముతారు? విజయ ఆ రోజంతా మిషన్ మీద వంకరటింకర కుట్లు వేసింది. ఇన్నాళ్లూ ఆమెకు రాని ఆలోచన ఒకటి ఆ రోజు వచ్చింది. వచ్చినందుకు తననే తిట్టుకుంది, కానీ అది పోలేదు. తను తినడు. నన్ను తినమంటాడు. తింటుంటే ముఖంలోకి చూస్తాడు. ఏం జరుగుతుందని చూస్తాడు?

ఆనాటినుంచి ఆమె ఆ తొక్కు తినలేదు.

తరువాతి సీసా వేరే గాజు సీసా. ఎప్పుడూ వాడే సీసాలు అయిపోయాయేమో, అటకమీదినుంచి ఏదో పాతది దించి కడిగి పెట్టుకున్నాడు. ఈసారి అతను ఎన్నడూ లేనంత శ్రద్ధగా చేశాడు. ముక్కలన్నీ ఒకే మందంలో కోశాడు, సిర్కాను రెండుసార్లు వడగట్టాడు. మర్నాడు గిన్నె ముందర పెట్టినప్పుడు అతని గొంతులో ఏదో ఆశలాంటిది ఉన్నది.

"ఇది జర మంచిగ చూసి చెప్పు, విజయా. ఇదే ముఖ్యం."

ముఖ్యం అన్న మాటకు ఆమె ముక్క ఎత్తబోయిన చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఆ చొక్కా గుండీ ఊడింది చూడు" అన్నది. అతను తల వంచి చూసుకునేలోపు గిన్నెలోవి ఒళ్లో పెట్టుకున్న పాలిథిన్ కవర్లోకి ఒంపేసింది. ముక్కు దగ్గరికి కూడా తేలేదు. ఊపిరి బిగబట్టి నోరు ఆడించింది. ముఖం మీద నవ్వు తెచ్చుకుంది.

"మస్తున్నది," అన్నది.

భూపాల్ ముఖం వెలిగిపోయింది. అంత సంతోషం ఆమె అతనిలో చూసి నెలలైంది. అంత సంతోషం దేనికో అర్థం కాక ఆమెకు భయం రెట్టింపయింది. సీసాను సంచిలో పెట్టుకుని అతను ఈల వేసుకుంటూ వెళ్లాడు.

ఆ రాత్రి అతను ఆలస్యంగా వచ్చి, అన్నం తినకుండా పడుకున్నాడు. మరునాడు మామూలుగానే తయారై వెళ్లాడు. ఆ మరునాడూ అంతే.

మూడో రోజు మధ్యాహ్నం విజయ దుకాణానికి దుర్గేష్ వచ్చాడు. హోటల్లో భూపాల్ కింద పనిచేసే రెండో వంటవాడు అతను. తమ్ముడి పెళ్లికి కొన్న చీరలు ఫాల్స్ వెయ్యడానికి ఇచ్చి, కాసేపు అటూ ఇటూ కదిలి, "మాస్టర్ ఎట్లున్నడు, వదినా?" అన్నాడు.

"నన్నడుగుతవేంది? నీ పక్కననే ఉంటడు గదా."

దుర్గేష్ ముఖం మారింది. "అంటే... మీకు తెల్వదా? మాస్టర్ హోటల్‌కు వస్తలేడు. మొన్న జర గొడవైంది."

"ఏం గొడవ?"

"నేను చెప్పద్దు వదినా. మాస్టర్‌నే అడగున్రి." ఇక నిలబడలేదతను.

రోజూ పొద్దున వంట బట్టల్లో బయల్దేరే మనిషి హోటల్‌కు వెళ్లడం లేదు. మరి ఎక్కడికి వెళ్తున్నాడు?

మర్నాడు భూపాల్ ఇల్లు కదిలిన కాసేపటికి విజయ అత్తకు దుకాణం తొందరగా తెరవాలని చెప్పి బయటపడింది. స్టేషన్ రోడ్డు మీద ఆటోలు, రైలు దిగిన జనం, సామాన్లు. ఆ రద్దీలో అతని గళ్ల చొక్కా వెనకాల ఆమె కొంగు తల మీదికి లాక్కుని నడిచింది. అతని చేతిలో సంచి ఉన్నది. అందులో సీసా ఉన్నదని అది ఊగే తీరు చూస్తే తెలుస్తున్నది. ఆబిడ్స్ వైపు తిరిగాడు. హోటల్ ఉన్న సందు వచ్చింది. అక్కడ ఒక్క క్షణం ఆగి లోపలికి చూశాడు, వెంటనే తల దించుకుని రోడ్డు దాటి చిరాగ్ అలీ లేన్‌లోకి వెళ్లాడు.

పాతకాలపు నాలుగంతస్తుల బిల్డింగ్. కింద జిరాక్స్ షాపు, కళ్లద్దాల షాపు. భూపాల్ అలవాటున్నవాడిలా మెట్లెక్కాడు. విజయ ఒక అంతస్తు కిందనే ఆగి విన్నది. తలుపు తెరుచుకుంది.

"రండి భూపాల్ గారూ. మీకోసమే చూస్తున్నా."

అదే గొంతు. విజయకు చెవులు వేడెక్కాయి. తలుపు మూసుకున్న చప్పుడైంది. ఆమె మెట్లన్నీ ఎక్కి, బెల్ కనిపిస్తున్నా, తలుపును అరచేత్తో బాదింది.

తలుపు తీసింది తెల్లజుట్టు మనిషి. అరవై దాటిన ఆవిడ, నేత చీర, మెడలో కళ్లద్దాల గొలుసు. వెనక హాల్లో వాలుకుర్చీలో ఒక పెద్దాయన పేపర్ దించి చూస్తున్నాడు. బల్ల మీద వరసగా పసుప్పచ్చ సీసాలు. ఆ బల్ల ముందర, నోట్లో ఏదో పెట్టుకుని, కళ్లు మూసుకుని, బడిలో పిల్లాడిలా కూర్చున్న భూపాల్.

ఇన్ని రోజులూ మనసులో ఊహించుకున్న దృశ్యంలో ఇది ఏ మూలా లేదు. అయినా పట్టుకొచ్చిన కోపం ఊరికే పోదు కదా.

"ఏం చేస్తున్నవయ్యా గీడ?" అని గట్టిగా అన్నది గుమ్మంలోంచే. "హోటల్‌కని చెప్పి గీడికొస్తున్నవా? ఈమె ఎవరు?"

భూపాల్ ఉలిక్కిపడి లేచాడు. ఆవిడ మాత్రం ఒక్క అడుగు పక్కకు జరిగి, "విజయగారు కదూ? లోపలికి రండమ్మా. నా పేరు కామాక్షి. బషీర్‌బాగ్‌లో కాలేజీ లైబ్రరీలో చేసి రిటైరయ్యాను. ఆయన మావారు, రామకృష్ణ గారు" అన్నది.

"నాకు మీ పేర్లొద్దు. మా ఆయనకూ మీకూ ఏంది సంబంధం?"

కామాక్షి భూపాల్ వైపు తిరిగింది. "చెప్పమని మొదటినుంచీ అంటున్నాను. ఇప్పుడైనా మీరే చెప్పండి. నేను చెప్పకూడదు."

భూపాల్ నోట్లోది మింగాడు. చేతిలోని చెంచాను బల్ల మీద పెట్టి, మళ్లీ తీసి, మళ్లీ పెట్టాడు.

"నాకు వాసన వస్తలేదు విజయా," అన్నాడు. "వానకాలంల జ్వరమొచ్చి తగ్గె గదా. అప్పటిసంది. ఏ వాసనా లేదు. పూలు లేవు, పులుసు లేదు, గ్యాస్ లేదు. ఏం లేదు."

విజయ నిలబడ్డచోటే నిలబడింది. వెంటనే నమ్మలేదు. నమ్మకూడదని కాదు, ఇన్నాళ్ల అనుమానం అంత తొందరగా దారి ఇవ్వలేదు. బల్ల మీద అగరుబత్తుల పొట్లం కనపడితే తీసుకుని, భూపాల్‌ను వెనక్కి తిప్పి, కళ్లు మూసి, ముక్కు కింద పెట్టింది. "ఏంది ఇది?"

అతను లోపలికి గాలి పీల్చాడు. మళ్లీ పీల్చాడు. "తెల్వది," అన్నాడు. "కాగితమా?"

ఆ ఒక్క మాటతో ఆమె పొట్లం బల్ల మీద పెట్టేసింది. కుర్చీలో కూలబడింది.

మిగతాదంతా అక్కడే విన్నది. దవాఖానలో ముక్కు డాక్టర్ గది ముందర వరసలో కూర్చున్నప్పుడు కామాక్షి పరిచయమైంది. ఆవిడకూ అదే జబ్బు, భూపాల్‌కన్నా చాలా ముందునుంచి. వాసన తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, వేచి చూడమన్నాడు డాక్టర్. అన్నం గడ్డి తిన్నట్టుందని భూపాల్ అంటే, ఆవిడే చెప్పింది. ముక్కు పోయినా నాలుక ఉంది, తీపి, పులుపు, ఉప్పు దానికి తెలుస్తాయి, ముందు వాటితో మొదలుపెట్టండి అని. ఈ తీపి ముక్కలు ఆవిడ ఇంట్లో చేసుకునేవే. తినే దాంట్లో ఏదో తింటున్నామన్న తృప్తి మిగిలింది వీటితోనే అన్నది.

"నాకు ఈయనే ముక్కు," అన్నది కామాక్షి భర్తను చూపించి. "ఏది పాడైందో, ఏది మాడిందో ఈయన చెబుతారు. మొహమాటం లేకుండా చెబుతారులెండి."

రామకృష్ణ గారు పేపర్ మడిచి, "నలభై ఏళ్లుగా మొహమాటంతోనే తిన్నాను. ఇప్పుడు సెలవిచ్చారు" అన్నాడు.

విజయ నవ్వలేదు. భూపాల్‌నే చూస్తున్నది. "నాకు ఎందుకు చెప్పకపోతివి?"

"మాస్టర్ అంటేనే వాసన గదా. అది పోయిందంటే ఇంక నేనేంది?" అన్నాడతను. "ఇంకోటి కూడా ఉన్నది. నీకు చెప్తే, బాగ లేకున్నా బాగున్నదంటవు. నామీద జాలితోని. నాకు నిజం కావాలె. నువ్వు తెల్వక తింటే నీ మొహంల నిజం కనపడతదని చూసిన. నేను గూడ తింటే ఎట్లున్నదని నన్నే అడుగుతవని నీ ముందర తినలే. లవంగం ఎక్కువైతే నీ కుడికన్ను జర చిన్నగైతది. దాన్ని పట్టుకుని హోటల్ల పులుసు కూడ సరి చేసుకున్న."

"మరి మొన్నటి గొడవ?"

భూపాల్ తల దించుకున్నాడు. "హోటల్ల అన్నంతోపాటు ఈ ముక్కలు పెడదామని ఓనర్ అమరేశ్వరరావు సార్‌ను ఒప్పించిన. నువ్వు మస్తున్నదన్నవు గదా, ఆ సీసానే పట్టుకపోయిన. శాకాహారం తినే పెద్దమనిషి ఒకాయన మొదటి ముక్క నోట్ల పెట్టుకుని కక్కినంత పని చేసిండు. ఎండు రొయ్యల కంపట. అందరూ వాసన చూసిన్రు, ఛీ అన్నరు. నేను ఒక్కన్నే సీసా ముక్కు కాడ పెట్టుకుని ఏం వస్తలేదేందని నిలబడ్డ. దుర్గేష్ అప్పుడే అన్నడు, మాస్టర్‌కు వాసన తెలుస్తలేదు, నాకు ఎప్పటిసందో అనుమానమున్నదని. సార్ ఇంటికి పొమ్మన్నడు." ఆమె వైపు తిరిగాడు. ఆ చూపులో మొదటిసారి అనుమానం అతనిది. "నీకెట్ల రాలేదు విజయా ఆ వాసన?"

అటక మీది సీసా. కిష్టవ్వ ఊరినుంచి తెచ్చుకున్న ఎండు రొయ్యలు దాచుకునేది దాంట్లోనే. ఎంత కడిగినా ఆ మూతలోంచి వాసన పోదు.

"నేను తినలే," అన్నది విజయ.

"ఏంది?"

"తినలే. కవర్ల పడేసిన. నువ్వు నాకేమన్న పెడుతున్నవేమోనని..." ఆ మాట పూర్తి చెయ్యలేకపోయింది. పరాయివాళ్ల హాలు మధ్యలో, ఆ పెద్దవాళ్ల ముందర, ముఖం చేతుల్లో దాచుకుంది.

భూపాల్ ముందరి సీసాను పక్కకు జరిపాడు. ఇన్నాళ్లు కాపురం చేసిన మనిషి తన చేతి తిండిని అలా అనుకుందన్నది అతనికి ఎక్కడో లోతుగా తగిలింది. అది అతని ముఖంలో కనపడింది. చివరికి, "నేను చూసిన తీరు కూడ అట్లనే ఉండెనేమో" అన్నాడు. క్షమించినట్టు అనలేదు, లెక్క సరిచేస్తున్నట్టూ అనలేదు. అది నిజమేనన్నట్టు అన్నాడు.

కామాక్షి లేచి ఇద్దరికీ మంచినీళ్లు తెచ్చింది.

ఆ మధ్యాహ్నమే ఇద్దరూ హోటల్‌కు వెళ్లారు. భూపాల్ వద్దన్నా విజయ వినలేదు. అమరేశ్వరరావు గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఆమె చెప్పిందంతా విన్నాడు. కంపు రొయ్యల పాత సీసాదనీ, రుచి చూడకుండా బాగుందన్నది తానేననీ ఆమె చెప్పింది. జాలిపడ్డాడు గానీ మెత్తబడలేదు.

"అదంతా సరే అమ్మా. కానీ వాసన తెలియని మనిషిని పొయ్యి ముందు పెట్టి, తినేవాళ్లకు నేనేం సమాధానం చెప్పను? రేపు పాడైన చికెన్ వచ్చిందనుకోండి, అప్పుడు?"

అది న్యాయమైన మాటే. చివరికి పొయ్యి దుర్గేష్ చేతికి పోయింది. భూపాల్ పక్కనే ఉండి కొలతలూ, మంటా చూసుకోవాలి, కూరగాయల కోతలు చూసుకోవాలి. మాస్టర్ అన్న పిలుపు మాత్రం దుర్గేష్ మానలేదు. అతను ఆ కుర్చీ కోసమే కాచుకుని ఉన్నాడని భూపాల్ ఇన్నాళ్లూ అనుకున్నాడు. ఇప్పుడు కుర్చీ దొరికినా, దుర్గేష్ ప్రతి గిన్నె దించేముందు ఒక్క చుక్క అతని అరచేతిలో వేసి ఉప్పు చూడమంటున్నాడు. అది మంచితనమో, మొహమాటమో భూపాల్‌కు ఇంకా తేలలేదు.

ఇంట్లో కిష్టవ్వకు చెప్తే, "ముక్కుకు పెట్టిన మందు అది" అన్నది. ఆమె సిద్ధాంతం ఆమె వదల్లేదు. కానీ మర్నాటినుంచి కంచం ముందర పెడుతూ కూర పేరు చెప్పడం మొదలుపెట్టింది.

ఫ్రిజ్‌లో సీసాలు మళ్లీ వచ్చాయి, ఈసారి కొత్తవి. విజయ తింటుంది. ఇప్పుడు దాపరికం లేదు కాబట్టి నోటితోనే చెప్పాలి. అది అనుకున్నంత తేలిక కాదని ఇద్దరికీ తెలిసింది. బాగుందంటే భూపాల్ నమ్మడు. "జాలికి అంటున్నవా?" అని రెట్టించి అడుగుతాడు. ఒకసారి ఆమె విసుగొచ్చి, "అస్సలు బాగ లేదు. సోంపుతోని పాన్ డబ్బా లెక్కుంది. పారబొయ్యి" అన్నది. ఆ రోజు అతను తృప్తిగా రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

చలికాలం పోయి ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం విజయ మిషన్ మీద ఉండగా ఫోన్ మోగింది. భూపాల్. వెనకాల బస్సుల హారన్లు, కండక్టర్ల కేకలు.

"గౌలిగూడ కాడ ఉన్న," అన్నాడు. గొంతు వింతగా ఉంది. "సామాను కోసమొచ్చిన. బస్సు పోయింది ముందరికెల్లి. విజయా, పొగ వాసన వచ్చింది."

ఆమె కాలు మిషన్ మీద ఆగిపోయింది. "నిజంగానా? పొగ కండ్లతోని చూసి అనుకున్నవేమో."

"లేదు లేదు. నేను అటు తిరిగి నిలబడ్డ. వచ్చి పోయింది. ఇప్పుడు లేదు. కానీ వచ్చింది."

"ఎట్లున్నది మరి?"

అవతల ఇంకో బస్సు ఏదో దగ్గరికొచ్చి ఆగిన చప్పుడు వినిపించింది.

"గలీజ్‌గ ఉన్నది," అన్నాడు భూపాల్. "మస్తు గలీజ్‌గ ఉన్నది. ఉండు, ఇంకొకటి వస్తున్నది, చూసి చెప్త."

ఫోన్ పెట్టెయ్యకుండానే అతను రోడ్డువైపు నడిచాడు. విజయ చెవి దగ్గర ఫోన్ అలాగే పట్టుకుని, సూది కింద ఆగిన చీర అంచును చేత్తో నొక్కిపట్టి, వింటూ కూర్చుంది.